నేల తుడిచే మందుతో కూరలు కడుగుతున్నవారికి: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టుని నేను. పోయిన నెలలో ఒక నడివయసు ఇల్లాలు వచ్చి సోడియం హైపోక్లోరైట్ (క్లోరిన్‌తో పనిచేసే బ్లీచింగ్ ద్రావణం) సీసా ఇమ్మన్నారు. నేల తుడవడానికా అని అడిగితే, ఏదో కొత్త వైరస్ జ్వరం వచ్చిందని టీవీలో చెబుతున్నారనీ, సంతలో కొన్న కూరగాయలు అందులో నానబెట్టాలనీ అన్నారు. ఈ మాట వినడం నాకు కొత్త కాదు. 2020లో మొదలైన అలవాటు ఇది. కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించినా, ఆ కబురు మా వీధుల్లోని కొన్ని వంటిళ్ళకు ఇంకా చేరలేదు. ఎక్కడ ఏ కొత్త జబ్బు పేరు వినిపించినా, ముందుగా సబ్బునీళ్ళలో మునిగేవి ఆనపకాయలూ బెండకాయలే.

ఇలా జరగడానికి మా ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన కారణం ఉంది. ఆరోగ్యశాఖ వారు పంచే కరపత్రాలు ఒడియాలో ఉంటాయి. ఇక్కడి తెలుగు పెద్దల్లో చాలామంది ఒడియా గలగలా మాట్లాడగలరు గాని చదవలేరు. సీసాల మీది సూచనలేమో ఇంగ్లీషులోనో హిందీలోనో, చీమ తలకాయంత అక్షరాలలో ఉంటాయి. వారికి తెలుగులో చదవడానికి దొరికేదల్లా హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో బంధువులు వాట్సాప్‌లో పంపే సందేశాలే. వాటిలో మంచిదీ చెడ్డదీ ఒకే వరుసలో వచ్చి కూర్చుంటాయి. చదువు లేక మోసపోయారని వారిని తప్పుపట్టడం అన్యాయం. తమకు వచ్చిన భాషలో సరైన మాట చెప్పేవారు లేకపోవడం వల్లనే అలా జరిగింది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన అపోహతోనే మొదలుపెడతాను.

అపోహ: కూరగాయలనూ పండ్లనూ సబ్బునీళ్ళతోనో, బట్టలుతికే పొడితోనో, బ్లీచింగ్ ద్రావణంతోనో కడిగితేనే వైరస్ పోతుంది.

వాస్తవం: తాగడానికి పనికివచ్చే మంచినీటి ధార కింద చేత్తో రుద్ది కడిగితే చాలు. తినే వస్తువు మీద సబ్బుగాని, డిటర్జెంటుగాని, శానిటైజరుగాని, క్రిమిసంహారక ద్రావణంగాని వాడకూడదు. 2020లో మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇంటి సరుకుల విషయంలో చెప్పింది ఇదే. మంచినీళ్ళతో బాగా కడగమంది. లేదంటే 50 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ళలో 50 పాళ్ళు) క్లోరిన్ కలిపిన గోరువెచ్చని నీళ్ళలో ముంచవచ్చునంది. వాట్సాప్ సందేశాలు ఆ రెండో వాక్యంలోంచి క్లోరిన్ అనే మాటను మాత్రం పట్టుకొని, 50 అనే అంకెను దారిలో పారేశాయి.

ఆ అంకె ఎంత ముఖ్యమో నాకు తెలిసిన విధానం చెప్పుకోవడానికి నేటికీ సిగ్గుగా ఉంటుంది. 2020 మే నెలలో, నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు మా కొట్టుకు వచ్చారు. దుకాణం ముందు తాడు కట్టి, గీసిన వృత్తాల్లో జనాన్ని నిలబెట్టి, గాభరాగా సరుకు అందిస్తున్న రోజులవి. ఆయన హైపోక్లోరైట్ సీసా అడిగారు. నేను ఇచ్చేసి, డబ్బులు తీసుకొని, వెనకనున్నవారిని పిలిచాను. దేనికి మాస్టారూ అని అడగలేదు. ఎంత నీటిలో ఎంత కలపాలో చెప్పలేదు. మూడో రోజున ఆయన మనవడికి ఆగకుండా వాంతులయ్యాయి. ఆసుపత్రిలో చేర్చితే సాయంత్రానికి తేరుకున్నాడు. 5 లీటర్ల నీళ్ళు పట్టే బేసిన్‌లో అర గ్లాసు మందు పోసి, అందులో కొత్తిమీర నానబెట్టి, పైపైన జాడించి పచ్చడి చేశారని తరువాత తెలిసింది.

ఆ సీసాలోని ద్రావణం 5 శాతం గాఢత గలది, అంటే 50,000 పీపీఎం. అర గ్లాసు అంటే సుమారు 100 మిల్లీలీటర్లు. దాన్ని 5 లీటర్లలో కలిపితే దాదాపు 1,000 పీపీఎం అవుతుంది. బల్లలూ తలుపు గొళ్ళాలూ తుడవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మోతాదు సరిగ్గా అదే. కూరగాయలకు చెప్పిన దానికి అది 20 రెట్లు. నిష్పత్తులూ అనుపాతాలూ నాకు నేర్పిన మనిషికి నేను రెండంకెలు చెప్పి ఉంటే, మిగతా లెక్క ఆయన నోటితో చేసేవారు. పైగా కొత్తిమీర, తోటకూర, కాలీఫ్లవర్ వంటివి మడతల్లోనూ రేకుల్లోనూ ద్రావణాన్ని పట్టి ఉంచుతాయి. వండేవాటి సంగతి ఎలా ఉన్నా, పచ్చిగా నూరేవాటి విషయంలో అది నేరుగా కడుపులోకి పోతుంది.

ఇది మన పల్లెలకూ చిన్న పట్టణాలకూ మాత్రమే పట్టిన పీడ అనుకోకండి. 2020 మే నెలలో అమెరికాలో 502 మంది పెద్దలను అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రశ్నించినప్పుడు, 19 శాతం మంది తినే వస్తువులకు బ్లీచ్ వాడామని ఒప్పుకున్నారు. నాలుగు శాతం మంది శుభ్రపరిచే ద్రావణాలను తాగామనో, పుక్కిలించామనో చెప్పారు. లేబుల్ చదవడం వచ్చినవారి సంగతే అలా ఉంటే, చదవడానికి వీలులేని లేబుల్ పట్టుకున్న మా వీధివారిని ఏమనగలం?

సబ్బు గురించి నన్ను చాలామంది నిలదీస్తారు. చేతులకు సబ్బు మంచిదని మీరే చెబుతారు, మరి చేతికి మంచిదైనది వంకాయకు చెడ్డదెలా అవుతుంది అంటారు. అడగవలసిన ప్రశ్నే. కరోనా వైరస్ చుట్టూ కొవ్వుతో చేసిన పొర ఒకటుంటుంది. సబ్బు ఆ పొరను చీల్చుతుంది, అందుకే 20 సెకన్లు చేతులు తోముకోమన్నాం. కానీ చేతిని మనం తినం. చేతి చర్మం మీది సబ్బు నీటి ధారకు పూర్తిగా పోతుంది. పండ్ల తొక్కలకూ ఆకులకూ కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిలో చిక్కిన సబ్బు ఎంత కడిగినా కొంత మిగులుతుంది, దానితో కడుపులో తిప్పడం, వాంతులు, విరేచనాలు రావచ్చు. అది వైరస్ వల్ల వచ్చిందేమోనని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తడం మరొక నష్టం. ఆ రోజుల్లో అలా భయపడి వచ్చి మాత్రలు అడిగినవారిని నేను స్వయంగా చూశాను.

ఇంతకంటే ప్రమాదకరమైన పని మరొకటుంది. బ్లీచ్ ఒక్కటే చాలదనుకొని, దానిలో మరుగుదొడ్డి కడిగే ఆసిడ్ కూడా కలిపేవారున్నారు. బ్లీచ్‌తో ఆసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అమ్మోనియా ఉన్న ద్రావణం కలిస్తే క్లోరమైన్లు అనే విషవాయువులు పుడతాయి. కిటికీలు లేని చిన్న వంటింట్లో ఆ పొగ పీల్చిన మనిషికి ఊపిరాడదు. రెండు మందులు కలిపితే బలం రెట్టింపవుతుందనే నమ్మకం మా కౌంటరు దగ్గర నేను రోజూ ఎదుర్కొనేదే, కానీ ఈ ఒక్క చోట మాత్రం దాన్ని నవ్వి వదిలేయడానికి వీల్లేదు.

ఇక ఈ భయానికంతటికీ మూలమైన అంకె దగ్గరికి వస్తాను. ప్లాస్టిక్ మీద వైరస్ 72 గంటలు, అట్టపెట్టె మీద 24 గంటలు బతుకుతుందని 2020 మార్చిలో ఒక పరిశోధన వెలువడింది. అందులో తప్పేమీ లేదు. అయితే ప్రయోగశాలలో కావాలని వేసిన వైరస్‌లో చివరి జాడ ఎంతసేపు కనిపించిందో ఆ అంకె చెబుతుంది. అదే పరిశోధనలో ప్లాస్టిక్ మీది వైరస్ దాదాపు 7 గంటలకొకసారి సగానికి తగ్గుతూ పోయిందని కూడా ఉంది. ఆ వాక్యాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. వైరస్ బతికున్న జీవకణంలో తప్ప పెరగదు. పాల పాకెట్ మీద అది పిల్లలు పెట్టదు. వస్తువుల ద్వారా సోకే ముప్పును అతిగా చూపించారని అదే ఏడాది జూలైలో ఎమాన్యుయెల్ గోల్డ్‌మన్ అనే శాస్త్రవేత్త లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో రాశారు. వైరస్ అంటిన ఉపరితలాన్ని ఒకసారి తాకితే జబ్బు వచ్చే అవకాశం సాధారణంగా 10,000లో ఒకటి కంటే తక్కువని 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తేల్చింది.

అసలు ముప్పు సంచీలో కాక సంతలో ఉండేది. కూరగాయల గంప ముందు వంగి, మాస్కు గడ్డం కిందికి లాగి, పావుగంట బేరమాడి, ఇంటికొచ్చి ఆ కూరగాయలను గంటసేపు తోమినవారు మాకు బాగా తెలుసు. పక్కవాడి ఊపిరి నుంచి వచ్చే జబ్బుకు వంకాయను శిక్షించారు. అందుచేత మహమ్మారి సమయంలో సరుకుల గురించి చేయవలసినవి కొన్నే: జనం తక్కువున్న వేళ చూసి వెళ్ళడం, ముక్కూ నోరూ మూసుకోవడం, త్వరగా తిరిగి రావడం, సరుకులు సర్దాక చేతులు కడుక్కోవడం, కడుక్కునే దాకా ముఖం తాకకపోవడం.

మా సరిహద్దుకే ప్రత్యేకమైన అపోహ ఒకటుంది. పర్లాకిమిడికీ ఆంధ్రలోని పాతపట్నానికీ నడుమ లాక్‌డౌన్‌లో రోడ్డుకు అడ్డుకంచెలు పెట్టి, నౌపడా - గుణుపూర్ రైలు ఆగిపోయిన రోజుల్లో, అటునుంచి వచ్చే కూరగాయలతో జబ్బు వస్తుందని ఇటువారూ, ఇటునుంచి వెళ్ళేవాటితో వస్తుందని అటువారూ చెప్పుకున్నారు. వియ్యాలందుకున్న ఊళ్ళు ఒకరి బెండకాయలను మరొకరు అనుమానించిన సందర్భం అది. వైరస్‌కు రాష్ట్రం లేదు, కూరగాయకు దగ్గు రాదు. దీని గురించి ఇంతకంటే చెప్పడం దండగ.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఉప్పు, పసుపు, నిమ్మరసం కలిపిన నీళ్ళు వైరస్‌ను చంపుతాయనడానికి ఆధారం లేదు, అయితే హానీ లేదు కాబట్టి మీ ఇష్టం. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ తెచ్చిన వెంటనే కడిగి నిల్వచేస్తే తడికి కుళ్ళిపోతాయి, తరిగే ముందు కడగండి. చల్లదనానికి ఈ వైరస్ చావదు, 4 డిగ్రీల వద్ద ప్రయోగశాలలో రెండు వారాల తరువాత కూడా కనిపించింది. అదే ప్రయోగంలో 70 డిగ్రీల వేడికి 5 నిమిషాలలో కనబడకుండా పోయింది, కాబట్టి మరిగించిన పాలకూ ఉడికిన కూరకూ భయపడనక్కరలేదు. కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారు 2020 తొలినాళ్ళలో ఎంత ముదిరిందంటే, హైదరాబాదులో మంత్రులే వేదిక మీద తిని చూపించవలసి వచ్చింది. పచ్చి కోడిమాంసాన్ని కుళాయి కింద కడిగితే చిమ్మే తుంపరలతో విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా వంటింటి నిండా పరుచుకుంటుంది, కాబట్టి భయపడేవారు ఆ సంగతికి భయపడాలి. శానిటైజరు రాసుకున్న తడిచేతులతో పొయ్యి వెలిగించకండి, అందులో ఉన్నది మండే ఆల్కహాలు.

ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఆ వేసవిలో అరచేతులు చిట్లి నెత్తురు కారుతుండగా పూత మందు కోసం వచ్చారు. కొడుకు భువనేశ్వర్‌లో ఉండిపోయాడు. బియ్యం సంచీ మొదలుకొని అగ్గిపెట్టె దాకా రోజుకు మూడుసార్లు తుడిచేవారట, సందేహం తీరక రెండు రోజులు కూరలు మాని చోడి (రాగి) అంబలితో గడిపారట. ఆమెకు నేను పీపీఎంలు చెప్పలేదు. తుడవడం మానమని కూడా అనలేదు, అంటే వినే స్థితిలో లేరు. సంచులు గుమ్మం పక్కన పెట్టి, కూరగాయలు మంచినీళ్ళతో కడిగి, చేతులు ఒక్కసారి సబ్బుతో తోముకొని నాకు ఫోన్ చేయమన్నాను. పదిహేను రోజులు చేశారు. పదహారో రోజున ఫోన్ రాకపోతే నాకే కంగారు పుట్టి నేను చేశాను. గోంగూర పచ్చడి నూరుతున్నాననీ, చేతులు ఖాళీ లేవనీ విసుక్కున్నారు.

ఇప్పుడు మా కొట్టులో హైపోక్లోరైట్ సీసా అమ్మేటప్పుడు, మీదనొక కాగితం అంటించి, ఎర్రసిరాతో తెలుగులో పెద్దక్షరాలతో రాసి ఇస్తున్నాను: "నేలకు, బల్లలకు మాత్రమే. తినేవాటికి వాడరాదు. ఆసిడ్‌తో కలపరాదు." పోయిన నెల వచ్చిన ఆ ఇల్లాలికీ అలాగే ఇచ్చాను. ఆమె కళ్ళజోడు పెట్టుకొని, ఆ మూడు వాక్యాలూ పైకి చదివి, సీసాను సంచీలో వేసుకొని, రెండు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి తిరిగారు.

"సరే గాని బాబూ, మరి ద్రాక్షపళ్ళకో?"

కళ్ళజోడు మళ్ళీ పెట్టించి, రెండో వాక్యం మరొకసారి చదివించాను.