నాలుగు మిల్లీమీటర్ల రంధ్రంలోంచి చంద్రుడు

2023 మార్చిలో ఒకాయన చంద్రుడి ఫోటో ఒకటి కంప్యూటర్‌లో తెరిచి, 170 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి, ఆపైన కావాలనే మసక చేశాడు. మచ్చలూ గుంటలూ అన్నీ పోయి తెల్లటి ముద్ద ఒకటి మిగిలింది. ఆ ముద్దను మానిటర్ మీద పెట్టి, గదిలో లైట్లు ఆర్పి, దూరంగా నిలబడి శామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్‌తో జూమ్ చేసి ఫోటో తీశాడు. ఫోటోలో చంద్రుడి గుంటలు చక్కగా కనిపించాయి. మానిటర్ మీద లేని గుంటలు ఫోన్‌లోకి ఎక్కడి నుంచి వచ్చాయి?

శామ్‌సంగ్ దాచిపెట్టలేదు. ఎదురుగా ఉన్నది చంద్రుడని కెమెరా గుర్తు పడితే, ముందే రకరకాల చంద్రుడి బొమ్మలతో శిక్షణ పొందిన ఏఐ మోడల్ వివరాలను మెరుగుపరుస్తుందని, వద్దనుకుంటే సీన్ ఆప్టిమైజర్ సెట్టింగ్ ఆపుకోవచ్చని చెప్పింది. జనం రెండుగా చీలిపోయారు. మోసం అన్నారు కొందరు. ఫోటో బాగుంది కదా, ఇంకేం కావాలి అన్నారు మిగతావాళ్లు. ఈ గొడవలో ఎవరిది న్యాయమో తేల్చాలంటే, ఆ లెన్సు నిజంగా ఎంత చూడగలదో ముందు లెక్క వేయాలి. కష్టమైన లెక్కేం కాదు.

ఫోన్ వెనక కెమెరా అసలు ఫోకల్ లెంత్, అంటే లెన్సుకీ కాంతిని పట్టే చిప్ అయిన సెన్సర్‌కీ మధ్య దాదాపుగా ఉండే దూరం, ఆరేడు మిల్లీమీటర్లు. ఆ దూరాన్ని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ నంబర్. అది 1.8 అంటే, కాంతి లోపలికి వచ్చే రంధ్రం వ్యాసం నాలుగు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. దాదాపు మన కంటిపాప అంత. కాంతి తరంగం కాబట్టి చిన్న రంధ్రంలోంచి వెళ్లేటప్పుడు కాస్త విస్తరిస్తుంది. ఎంత మేలైన గాజు వాడినా ఒక చుక్క సెన్సర్ మీద చుక్కలా పడదు, చుట్టూ వలయాలున్న చిన్న మచ్చలా పడుతుంది. జార్జ్ ఎయిరీ అనే ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త 1835లోనే ఈ మచ్చ లెక్క కట్టాడు. రంధ్రం చిన్నదైన కొద్దీ మసక పెరుగుతుంది.

ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం 0.55 మైక్రోమీటర్లు, రంధ్రం 4 మిల్లీమీటర్లు, చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరంలో. ఈ మూడూ ఎయిరీ సూత్రంలో పెడితే వచ్చే జవాబు సుమారు 64 కిలోమీటర్లు. చంద్రుడి మీద అంతకన్నా దగ్గరగా ఉన్న రెండు వస్తువులను ఆ లెన్సు విడదీసి చూపలేదు. టైకో అనే పేరున్న గుంట వెడల్పే 85 కిలోమీటర్లు. అక్కడ ఏదో ఉంది అనిపించే వరకే ఈ లెన్సు స్థోమత. పెద్ద జూమ్ కోసం పెట్టే పెరిస్కోప్ లెన్సు రంధ్రం ఇంకాస్త పెద్దది, ఐదారు మిల్లీమీటర్లు. దానితో ఈ హద్దు 40, 50 కిలోమీటర్ల దాకా దిగుతుంది. అంతకన్నా సన్నని వివరం ఫోటోలో ఏది కనిపించినా, ఆ రాత్రి ఆ రంధ్రంలోంచి వచ్చిన కాంతిలో అది లేదు.

మెగాపిక్సెళ్ల మాటా ఇక్కడే తేలిపోతుంది. 200 మెగాపిక్సెళ్ల సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ 0.6 మైక్రోమీటర్లు. ఎఫ్ 1.8 లెన్సు వేసే ఎయిరీ మచ్చ వెడల్పు 2.4 మైక్రోమీటర్లు. ఒక్క చుక్క అడ్డంగా నాలుగు పిక్సెళ్లను ఆక్రమిస్తోందన్నమాట. అందుకే ఆ ఫోన్లు మామూలుగా 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపేసి 12 మెగాపిక్సెళ్ల ఫోటో ఇస్తాయి. డబ్బా మీద మాత్రం 200 అని ఉంటుంది.

వివరం సంగతి ఇది. దీనికన్నా పెద్ద చిక్కు వెలుతురుది.

కాంతి ఫోటాన్ల రూపంలో వస్తుంది, అవి సమానంగా రావు. ఒక పిక్సెల్ మీద సగటున 100 ఫోటాన్లు పడాల్సిన చోట, ఒకసారి 90 పడతాయి, ఇంకోసారి 110. అంటే పది శాతం తేడా. చీకటి ఫోటోల్లో ఇసక చల్లినట్టు కనిపించే నాయిస్‌లో చాలా భాగం ఇదే. 10,000 ఫోటాన్లు పడితే తేడా ఒక్క శాతానికి తగ్గుతుంది. కాబట్టి ఎక్కువ కాంతి కావాలి, అంటే పెద్ద సెన్సర్ కావాలి. ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద కెమెరాల సెన్సర్ 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు, మొత్తం 864 చదరపు మిల్లీమీటర్లు. చాలా ఏళ్లు మంచి ఫోన్లలో వాడిన సెన్సర్ 24 చదరపు మిల్లీమీటర్లు ఉండేది. అదే ఎఫ్ నంబర్‌తో, అదే షట్టర్‌తో చూస్తే ఫుల్‌ఫ్రేమ్‌కి 36 రెట్ల కాంతి అందుతుంది. ఈ మధ్య గొప్పగా చెప్పుకునే ‘ఒక అంగుళం’ సెన్సర్ కూడా నిజానికి 13.2 మి.మీ. పొడవు, 8.8 మి.మీ. వెడల్పే. పాత వీడియో కెమెరాల్లో గాజు గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి కొలతలు చెప్పేవాళ్లు. గొట్టం పోయింది, ఆ అంగుళం మాత్రం మిగిలింది.

ఈ చిక్కుకి దారులు రెండు: లెన్సునీ సెన్సర్‌నీ పెద్దవి చేయడం, లేదా సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దడం. 2012లో నోకియా 808 ప్యూర్‌వ్యూ ఫోన్ పూర్తిగా లెన్సు పక్షాన నిలబడింది. 41 మెగాపిక్సెళ్ల సెన్సర్, జైస్ లెన్సు. ఆ రోజుల్లో ఫోన్‌లో అంత పెద్ద సెన్సర్ ఎవరూ పెట్టలేదు. ఫోటోలు అద్భుతంగా వచ్చేవి. కానీ ఫోన్ మందం దాదాపు 14 మిల్లీమీటర్లు, కెమెరా దగ్గర ఇంకా ఎక్కువ. పైగా లోపల అప్పటికే పాతబడిన సింబియన్ ఆపరేటింగ్ సిస్టమ్. మార్కెట్ మెచ్చుకుంది, కొనలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే గూగుల్‌లో మార్క్ లెవోయ్ బృందం ఎదురు దారి పట్టింది. ఆయన అప్పట్లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్. గూగుల్ గ్లాస్ అనే కళ్లజోడుకి కెమెరా కావాలి, అందులో పెద్ద లెన్సుకి చోటే లేదు. ఆ పనిలోంచి పుట్టిన హెచ్‌డీఆర్ ప్లస్ అనే పద్ధతి 2013లో నెక్సస్ 5 ఫోన్‌కి వచ్చింది. మనం బటన్ ఒక్కసారే నొక్కుతాం, ఫోన్ వరసగా అనేక ఫోటోలు తీస్తుంది. అన్నీ కాస్త చీకటిగానే తీస్తుంది, ఎందుకంటే ఆకాశం లాంటి చోట తెలుపు ఒక్కసారి మితిమీరిందంటే అక్కడి రంగు మళ్లీ తిరిగి రాదు. తర్వాత ఆ ఫోటోలను చిన్న చిన్న పలకలుగా విడదీసి, చేతి వణుకు వల్ల కదిలిన వాటిని జరిపి, ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. తొమ్మిది ఫోటోలు కలిపితే నాయిస్ మూడో వంతుకు పడిపోతుంది. 2018లో గూగుల్ సొంత ఫోన్లయిన పిక్సెల్‌లకి వచ్చిన నైట్ సైట్ అనే చీకటి ఫోటోల పద్ధతి 15 ఫ్రేముల దాకా ఇలా కలిపింది. అదే ఏడాది వచ్చిన సూపర్ రెస్ జూమ్ ఇంకా గడుసుది. మన చేతి వణుకు వల్ల ఒక్కో ఫ్రేమ్ పిక్సెల్‌లో కొంత వంతు పక్కకు పడుతుంది కదా, ఆ తేడాలనే వాడుకుని రెండు పిక్సెళ్ల మధ్య సమాచారం రాబట్టింది. ఫోన్ స్టాండ్ మీద కదలకుండా ఉంటే లెన్సును తనే కొద్దిగా కదిలించుకునేది!

ఇదంతా సాఫ్ట్‌వేరే. అయినా చంద్రుడి ఫోటోని, దీన్ని ఒకే గాటన కట్టడం నాకు సరిగా అనిపించదు. ఇక్కడ వాడిన ప్రతి ఫోటానూ ఎదురుగా ఉన్న దృశ్యం నుంచే వచ్చింది. సెన్సర్ చిన్నది కాబట్టి ఒక్కసారిగా పట్టలేని కాంతిని అనేక విడతల్లో పట్టింది, అంతే. టెలిస్కోపుల దగ్గర కూర్చునేవాళ్లు చాలా కాలంగా చేస్తున్న పనే ఇది. దీని ఇబ్బందల్లా దృశ్యం ఆగి ఉండాలి. రాత్రి పూట గుడి గోపురం ఆగుతుంది. బారాత్‌లో తీన్మార్‌కి గెంతుతున్న పెళ్లికొడుకు తమ్ముడు ఆగడు. అతని కాళ్లూ చేతులూ ఉన్న పలకలు ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి సాఫ్ట్‌వేర్ అక్కడ ఒకటి రెండు ఫ్రేములతోనే సరిపెట్టుకుంటుంది, ఆ చోట నాయిస్ తిరిగి వస్తుంది, లేదా నున్నగా తుడిచిన మైనం ముఖం వస్తుంది. పెద్ద సెన్సర్‌కి ఈ బాధ బాగా తక్కువ.

లెన్సు లోపాన్ని లెక్కలతో ఎంతవరకు సరిదిద్దవచ్చో తెలియజేసే పెద్ద ఉదాహరణ కెమెరా ఫోన్లు పుట్టకముందే జరిగింది. 1990 ఏప్రిల్‌లో హబుల్ టెలిస్కోపు అంతరిక్షంలోకి వెళ్లింది. కొన్ని వారాలకే తెలిసింది, 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర ఉండాల్సిన దానికన్నా 2.2 మైక్రోమీటర్లు ఎక్కువ అరిగిందని. అద్దాన్ని పరీక్షించే పరికరంలో ఒక లెన్సును 1.3 మి.మీ. తప్పుగా బిగించడమే కారణం. నక్షత్రం కాంతిలో 70 శాతం ఒక చిన్న చుక్కలో పడాల్సింది 15 శాతమే పడింది, మిగతాది చుట్టూ పొగలా పరుచుకుంది. మసక ఏ ఆకారంలో ఉందో శాస్త్రవేత్తలకు కచ్చితంగా తెలుసు కాబట్టి, దాన్ని వెనక్కి తిప్పే లెక్కలు మొదలుపెట్టారు. రిచర్డ్‌సన్, లూసీ అనే ఇద్దరు 1970లలో విడివిడిగా రూపొందించిన పద్ధతి బాగా పనికొచ్చింది. గ్రహాలు, కాంతిమంతమైన నక్షత్రాలు తేటపడ్డాయి. దూరాన ఉన్న మసక గెలాక్సీల దగ్గర లెక్క చతికిలపడింది. పరుచుకుపోయిన వాటి కాంతి నాయిస్ కిందకి మునిగిపోయింది, మసకను వెనక్కి తిప్పబోతే నాయిస్ కూడా పెరిగింది. సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టుకోకుండా 1993 డిసెంబరులో వ్యోమగాములను పంపి, అద్దం దోషానికి విరుగుడుగా తయారు చేసిన కొత్త కెమెరాను, చిన్న అద్దాలను బిగించారు.

ఫోన్లలోనూ కథ అటే నడిచింది. పిక్సెల్ 2 నుంచి 2020 నాటి పిక్సెల్ 5 దాకా గూగుల్ దాదాపు ఒకే కొలత ఉన్న 12 మెగాపిక్సెళ్ల సెన్సర్‌తో నెట్టుకొచ్చింది, దానితోనే అందరినీ ఓడించింది కూడా. 2021లో పిక్సెల్ 6కి వచ్చేసరికి రెండున్నర రెట్లు కాంతి పట్టే పెద్ద సెన్సర్‌కి మారింది. సాఫ్ట్‌వేర్‌ని అంతగా నమ్మినవాళ్లే మారారంటే, పాత సెన్సర్ నుంచి పిండగలిగినంతా పిండేశారని నేను అనుకుంటాను. ఇప్పుడు ఖరీదైన ఫోన్ వెనక ఉబ్బెత్తుగా కనిపించే కెమెరా గుండ్రం ఆ మార్పు ఫలితమే.

పోర్ట్రెయిట్ మోడ్ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు రంధ్రం 28 మి.మీ., అందుకే దాని వెనకటి దృశ్యం సహజంగా కరిగిపోతుంది. నాలుగు మిల్లీమీటర్లకు అది సాధ్యం కాదు కాబట్టి ఫోన్ మనిషిని కత్తిరించి వెనక భాగాన్ని మసక చేస్తుంది. చెదిరిన జుట్టు దగ్గర, కళ్లజోడు అంచు దగ్గర దొరికిపోతుంది. అయినా ఉన్నదాన్ని మరుగు చేస్తోందే గానీ, లేనిదాన్ని చేర్చడం లేదు.

చేర్చడం దగ్గరే పేచీ. బాగా తెలిసిన పద్యంలో ఒక అక్షరం చెరిగిపోయినా తడుముకోకుండా చదివేస్తాం, కొత్త పద్యంలో చెరిగితే ఊహించి చదువుతాం. చంద్రుడు సాఫ్ట్‌వేర్‌కి తెలిసిన పద్యం. ఎప్పుడూ ఒకే ముఖం మనవైపు తిప్పి ఉంచుతాడు కాబట్టి జ్ఞాపకం నుంచి నింపినా చాలావరకు సరిపోతుంది. మిగతా లోకం అలా ఉండదు. 2025లో వచ్చిన పిక్సెల్ 10 ప్రోలో 100 రెట్ల దాకా వెళ్లే జూమ్ ఉంది. 30 రెట్లు దాటాక దాని వెనక పనిచేసేది బొమ్మలు పుట్టించే ఏఐ మోడలే. మనుషుల ముఖాల మీద దాన్ని వాడకుండా గూగుల్ జాగ్రత్త పడింది. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మన అక్షరాలు ఈ విషయంలో మంచి పరీక్ష పెడతాయి. ద, ధ, థ మధ్య తేడా కింద ఒక చిన్న గీత, లోపల ఒక చుక్క. ప, ఫ కూడా అంతే. 50 మీటర్ల దూరం నుంచి నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం విడదీయగలిగేది 8 మిల్లీమీటర్ల పైచిలుకు. గీతలూ చుక్కలూ అంతకన్నా సన్నగా ఉన్న దుకాణం బోర్డును అంత దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫోటోలో అవి నిగనిగలాడుతూ కనిపిస్తే, అవి ఉన్నాయనుకోవడానికి ఆధారం లేదు. దగ్గరికి వెళ్లి ఇంకో ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అచ్చు వేసిన పెద్ద బోర్డు కన్నా చేత్తో రాసిన చిన్న బోర్డుని ఎంచుకుంటే మేలు. చేతిరాత ఎవరిది వాళ్లదే కాబట్టి దాన్ని ముందే చూసి పెట్టుకున్న మోడల్ ఉండదు.