బత్తాయి తోటల్లో ఎర్రలు ఎందుకు తగ్గాయి?

నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటకు బేరానికి వచ్చినవాళ్లు ముందు కాయ చూస్తారు, ఆ తర్వాత చెట్ల మధ్య నేల చూస్తారు. గడ్డిపోచ కూడా లేకుండా ఎర్రగా కనబడితే రైతు పనిమంతుడే అనుకుంటారు. ఇప్పుడు ఆ నేలలో ఎర్రలు, అంటే వానపాములు, దొరకడం లేదని, ఎంత ఎరువేసినా చెట్టు ఊపందుకోవడం లేదని అంటున్న మాటలకు మూలం ఆ ‘పనిమంతుడు’ అన్న పేరులోనే ఉంది.

ఇక్కడి ఎర్ర చల్క నేలల్లో ఇసుక పాలు ఎక్కువ, తేమ నిలవదు. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతంలోపు ఉంటే తక్కువ అని రాస్తారు. చల్కల్లో సాధారణంగా వచ్చే ఫలితం అదే. జొన్న, సజ్జ, ఆముదం, కంది వేసిన రోజుల్లోనూ ఇది గొప్ప సారవంతమైన నేల కాదు. అయితే ఇంట్లో పశువులుండేవి కాబట్టి చేనుకు పెంట తోలేవాళ్లు, గొర్ల మంద పెట్టించేవాళ్లు. ఎద్దుల గుంటక పైపైనే గీసుకుంటూ పోయేది.

1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి వచ్చింది. దేవరకొండ, మునుగోడు వైపు చల్కలకు ఆ నీళ్లు ఎక్కలేదు. బావులు, తర్వాత బోర్లే దిక్కు. వరికి సరిపోని ఆ కాసిన్ని నీళ్లతోనే డబ్బు తెచ్చిన పంట బత్తాయి. బోరు నీళ్లు గడ్డి తాగితే చెట్టుకేం మిగులుతుందని తోటలో కలుపు లేకుండా చేశారు. ఆ లెక్కలో తప్పేమీ లేదు.

దానికి తోడు బెట్ట. పూత కోసం నీళ్లు ఆపి చెట్టును కొన్నాళ్లు వాడనిస్తారు. తోట దున్ని, పాదులు తవ్వి, పెంటా ఎరువూ వేసి నీళ్లు పెడితే పూత విరగబూస్తుంది. బత్తాయికి తిండి తెచ్చే సన్న వేర్లు ఎక్కువగా పైరెండడుగుల్లోనే ఉంటాయి. వాటికి నూగు (వేరు వెంట్రుకలు) తక్కువ కాబట్టి భాస్వరం, జింకు అందుకోవడానికి వేరును పట్టుకుని బతికే శిలీంధ్రం మీద ఆధారపడతాయి. లోతుగా దున్నితే వేరూ తెగుతుంది, ఆ శిలీంధ్రపు దారాలూ తెగుతాయి. గుంటకతో పోయినంతకాలం ఈ నష్టం తక్కువే. ట్రాక్టరు, రొటవేటరు వచ్చాక పెరిగింది. ఎద్దులు పోయాయి కాబట్టి ఇంటి పెంట కూడా పోయింది.

2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం మొదలయ్యాక డ్రిప్పు తోట తోటకూ చేరింది. నీళ్లు ఆదా అయ్యాయి, నిజమే. కానీ తడి చెట్టు మొదలు చుట్టూ కొంత మేరకే పరిమితమైంది. ఇప్పుడు ఏ తోటలోనైనా డ్రిప్పరు కింద ఆకు పేరుకున్నచోట ఒక పార మట్టి తీస్తే సన్నని ఎర్రలు, ముట్టుకుంటే చుట్టుకునే రోకలిబండ, తెల్లగా గెంతే నలుసంత పురుగులు కనబడతాయి. రెండు గజాల అవతల సాలు మధ్యలో అదే పార దించితే గట్టి పెళ్ల లేస్తుంది, అందులో మహా అయితే చీమలుంటాయి.

రాలిన ఆకును రోకలిబండ కొరికి ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల మీద పెరిగే బూజును గెంతే పురుగులు మేస్తాయి. మిగిలినదాన్ని ఎర్ర (వానపాము) మట్టితో పాటు మింగి విసర్జించిన ఉండలో చుట్టూ ఉన్న మట్టికంటే చెట్టుకు అందే నత్రజని, భాస్వరం ఎక్కువ. ఎండాకాలం ఎర్ర లోపలికి పోయి ముడుచుకుంటే ఎండాకును చెదలు చూసుకుంటాయి. వాటి మీద అందరికీ కోపమే కాబట్టి మందు పోస్తాం, దాంతో ఆ పనీ ఆగుతుంది. ఆకును ఊడ్చి కాలిస్తే ఇక వీటికి మేతే లేదు. యూరియా వేస్తే ఇసుక నేలలో కొంత చెట్టుకు, మిగతాది వాన నీళ్లతో కిందికి.

కూలీలు దొరకని రోజుల్లో గడ్డి మందు వచ్చింది. గ్లైఫోసేట్ అనే ఆ మందును పత్తిలో వాడుతున్నారని 2018లో తెలంగాణ ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్రం లైసెన్సున్న పురుగు నియంత్రణ ఆపరేటర్లే కొట్టాలంది. 2015లో ప్రచురితమైన ఒక ఆస్ట్రియా ప్రయోగంలో ఈ మందు కొట్టాక పైకి వచ్చే జాతి ఎర్రలు మట్టి ఉండలు వేయడం దాదాపు మానేశాయి, లోపలుండే జాతికి పిల్లలు సగానికి పైగా తగ్గాయి. అది కుండీల్లో, అక్కడి జాతుల మీద చేసింది. మన చల్కల ఎర్రలకు అదే లెక్క కడితే పొరపాటు. నా మటుకు మందు మీదే నేరమంతా మోపలేను. మందు లేకుండా నున్నగా దున్నిన తోటలోనూ మేత ఉండదు, నీడ ఉండదు. నులిపురుగులకు వేసే కార్బోఫ్యూరాన్ గుళికలు, తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం నుంచి ఏళ్ల తరబడి పేరుకునే రాగి కూడా ఎర్రలకు గిట్టవు.

గడ్డిని పీకకుండా కోసి చెట్టు కింద పరిచే రైతులూ ఉన్నారు. ఎండుగడ్డి కుళ్లేటప్పుడు మట్టిలో నత్రజనిని తాత్కాలికంగా పట్టేసుకుంటుంది కాబట్టి మొదట్లో ఆకు పాలిపోయినట్టు కనబడొచ్చు. చాలామంది అక్కడే టెన్షన్ పడి మళ్లీ రొటవేటరు పిలుస్తారు. కొద్దిగా పెంటో వేపపిండో జతచేస్తే ఆ దశ దాటుతుంది. తోటను గుత్తకిచ్చినచోట మాత్రం ఈ మాట నడవదు, గుత్తదారుకు కావలసింది ఈ కాపు కాయే.