గవర్నమెంట్ లాయరు వస్తే కేసు నిలబడుతుందా? అపోహలు - వాస్తవాలు

తిరుపతి కోర్టుల్లో సివిల్ కేసులు చేస్తుంటాను, ఉచిత న్యాయ సహాయం ప్యానెల్ తరఫున కూడా వకాల్తా వేస్తుంటాను. నన్ను ఎక్కువమంది అడిగే మాట ఇది: "సార్, గవర్నమెంటే లాయర్ని ఇస్తుందంట గదా, ఇంక గెలిచినట్టే గదా?"

అపోహ: ప్రభుత్వం లాయర్ని ఇచ్చిందంటే కేసు మనదే

కాదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద లాయరు దొరుకుతాడు, కోర్టు ఫీజు, నకళ్లు, సాక్షుల ఖర్చులు వస్తాయి. సాక్ష్యం మాత్రం మనమే తెచ్చుకోవాలి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకు సెక్షన్ 12 ప్రకారం ఆదాయంతో పనిలేకుండా అర్హత ఉంది, కానీ ఆ వెంటనే సెక్షన్ 13లో ఇంకో షరతు ఉంది: కేసులో పైకి చూస్తేనే కాస్త పస కనిపించాలి. ఈ రెండోది చెప్పేవాళ్లు తక్కువ, అందుకే జనం కొండంత ఆశతో వచ్చి దిగాలుగా తిరిగిపోతారు.

చంద్రగిరి వైపు నుంచి ఒక పెద్దాయన తెల్లకాగితం మీద రాయించుకున్న భూమి కొనుగోలు అగ్రిమెంటు తెచ్చాడు. రిజిస్ట్రేషన్ చేసిస్తామన్న తేదీ అందులోనే రాసుంది, అది దాటి పదిహేనేళ్లయింది, భూమి కూడా ఆయన చేతిలో లేదు. ఆ తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఎంత పెద్ద లాయర్నిచ్చినా ఆ గడువు వెనక్కి రాదు. ఆ మాట ఆయనకు చెప్పడం నాకు చాలా కష్టమైంది.

అపోహ: కేసు వీక్‌గా ఉంటే వదిలేసుకోవాల్సిందే

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. పస లేని కేసు వేరు, చూసుకునే దిక్కులేక పాడైన కేసు వేరు. రెండోదాన్ని న్యాయ సహాయం నిజంగానే కాపాడుతుంది. రేణిగుంట దగ్గర ఊరి నుంచి ఒకమ్మ వచ్చింది. అన్న దావా వేశాడు, ఈమె వాయిదాకు పోలేదు, ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఈమె లేకుండానే తీర్పు, అయిపోయింది. దాన్ని కొట్టేయించుకోవడానికి 30 రోజులే గడువు, అదీ దాటింది. అయితే ఆ రోజుల్లో ఆమె రుయా ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని ఉంది, డిశ్చార్జి చీటీలు భద్రంగా దాచిపెట్టుకుంది. వాటితోనే ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేశాం, కోర్టు ఒప్పుకుంది, డిక్రీ కూడా రద్దయింది. తర్వాత అడంగల్, 1-బి అనే భూమి రికార్డుల నకళ్లు, తండ్రి పాసు పుస్తకం తీసి చూస్తే ఆ కేసులో బలం లేకపోవడమేమీ లేదు, ఆ కాగితాలు కోర్టు ముందు పెట్టేవాళ్లే ఇన్నాళ్లూ లేరు.

అపోహ: లోక్ అదాలత్‌లో జడ్జిగారే తీర్పు చెప్పేస్తారు

ఇరువైపులా ఒప్పుకుంటేనే రాజీ. ఆ రాజీ మీద అవార్డు (లోక్ అదాలత్ ఉత్తర్వు) అయ్యాక అప్పీలు ఉండదు, అందుకే సంతకం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చదివించుకోండి.

అపోహ: అవతల ప్రభుత్వం ఉంటే మనం గెలవలేం

ప్రభుత్వానికి జీపీలు (ప్రభుత్వ ప్లీడర్లు) ఉన్నారు, ఆఫీసులున్నాయి, అయినా ఓడుతుంది. తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా అప్పీలుకు వెళ్తే, ఫైలు కదల్లేదనే సాకు చెల్లదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వం మీద దావాకు మాత్రం మామూలుగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, చాలామంది అక్కడే తప్పు చేస్తారు.

కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీకి గానీ చిత్తూరులోని జిల్లా సంస్థకు గానీ తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు, ఫోను చేయాలంటే 15100. వచ్చేటప్పుడు సమన్లతో పాటు అవి వచ్చిన కవరు కూడా తీసుకురండి, పోస్టు ముద్ర మీద తేదీ ఉంటుంది.