సామర్థ్యం, దక్షత: హైస్కూలు ఫిజిక్స్‌లో అపోహలు - వాస్తవాలు

అపోహ: సామర్థ్యం అంటే ఒక యంత్రం ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే లెక్క.

వాస్తవం: ఈ తికమక పిల్లలది కాదు, మాటది. తెలుగు మీడియం పాఠంలో సామర్థ్యమంటే పవర్, అంటే సెకనుకు ఎన్ని జౌళ్ల పని జరిగిందో. న్యూస్ పేపర్లో కనిపించే ‘ఇంధన సామర్థ్యం’లో అదే మాటకు ఎఫిషియెన్సీ అని అర్థం. పాఠంలో దానికి దక్షత అని పేరు. అది పనికొచ్చిన శక్తికీ తీసుకున్న శక్తికీ ఉన్న నిష్పత్తి, ప్రమాణం ఉండదు. జవాబు చివర వాట్లు వచ్చాయంటే లెక్కగట్టింది దక్షత కాదు.

అపోహ: వాట్లు ఎక్కువైతే బిల్లూ ఎక్కువే.

వాస్తవం: బిల్లు పడేది యూనిట్ల మీద, యూనిట్ అంటే 1000 వాట్లు గంటసేపు, అంటే 36 లక్షల జౌళ్లు. 2000 వాట్ల గీజరు పావుగంట వేస్తే అర యూనిట్. 75 వాట్ల పాత ఫ్యాను రాత్రి పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్.

అపోహ: సింహాచలం మెట్లు పరిగెత్తి ఎక్కితే ఎక్కువ పని చేసినట్టు.

వాస్తవం: గురుత్వాకర్షణకు ఎదురు చేసిన పని ఒకటే, మారేది సామర్థ్యం. 50 కిలోల పిల్లాడు 3 మీటర్లు ఎక్కితే 1470 జౌళ్లు. 10 సెకన్లు పడితే 147 వాట్లు, 5 సెకన్లయితే 294. టేపు మెట్ల వాలు వెంట పెట్టకండి, నిలువు ఎత్తే కావాలి.

అపోహ: 1 హెచ్‌పీ మోటారు 746 వాట్లు తీసుకుంటుంది.

వాస్తవం: ఎక్కువ మంది జారేది ఇక్కడే. ప్లేటు మీది హెచ్‌పీ మోటారు షాఫ్టు దగ్గర ఇచ్చేది, లైను నుంచి లాగేది కాదు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా చేసి చూడొచ్చు. సంపులోని 1000 లీటర్లు 15 మీటర్ల పైనున్న ట్యాంకుకు చేరితే పనికొచ్చింది 1,47,000 జౌళ్లు. మీటరు మీద యూనిట్‌కు 3200 పల్సులని ఉంటే, ఎర్ర లైటు ఒక్కసారి మెరిస్తే 1125 జౌళ్లు. ట్యాంకు నిండేలోగా 533 సార్లు మెరిసిందనుకోండి, తీసుకున్నది సుమారు 6 లక్షల జౌళ్లు. దక్షత 24.5 శాతం. ట్యాంకు నిండడానికి పది నిమిషాలు పట్టిందనుకుని, అంతసేపూ 746 వాట్లే తీసుకుందని లెక్క వేస్తే అదే 33 శాతంగా కనిపిస్తుంది. అదే మీటరు మీద లిఫ్టు, మెట్ల లైట్లు ఉంటే కొలిచేంతసేపూ ఆపించాలి. బోరు నీళ్లయితే లోపలి నీటిమట్టం దాకా ఉన్న లోతును కూడా ఎత్తులో కలపాలి. మిగతా శక్తి మోటారు వేడికి, పంపులో సుడులకు, పైపు వంపుల్లో రాపిడికి పోతుంది.

అపోహ: 1500 వాట్లు తీసుకుని 5275 వాట్ల చల్లదనం ఇచ్చే ఒకటిన్నర టన్నుల ఏసీ దక్షత 350 శాతం.

వాస్తవం: ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, గదిలోని వేడిని బయటికి మోస్తుంది. బయటి యూనిట్ వదిలేది 6775 వాట్లు, శక్తి ఎక్కడా పెరగలేదు. ఈ 3.5ను సీఓపీ (కోఎఫిషియెంట్ ఆఫ్ పెర్ఫార్మెన్స్) అంటారు, దక్షత అని రాస్తే తప్పు. మన విశాఖ ఉక్కపోతలో ఏసీ మోసే ఆ వేడిలో కొంత భాగం గాలిలోని తేమను నీరుగా మార్చడానికే పోతుంది. డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టండి: పడిన ప్రతి లీటరుకూ ఏసీ తోడిన వేడి సుమారు 24 లక్షల జౌళ్లు, దానికి అయిన కరెంటు దాదాపు 0.19 యూనిట్.