రెయిలింగ్‌కి ఏ స్టీలు, ట్యాంకు స్టాండుకి ఏ ఇనుము?

తిరుపతిలో ఇల్లు కట్టేవాళ్లు వెల్డింగ్ షాపుకెళ్లి మొదట అడిగేది "ఏది గట్టిదన్నా?" అని. రెయిలింగ్ విరిగిందని ఏడ్చినవాళ్లని నేనైతే చూడలేదు, తుప్పు పట్టిందని తిట్టుకునేవాళ్లు మాత్రం వీధికి ఇద్దరుంటారు. కాబట్టి గట్టితనం సంగతి తర్వాత, ముందు అది ఎక్కడ ఉండబోతోందో, దానిమీద ఏ నీళ్లు పడతాయో చెప్పండి.

స్టెయిన్‌లెస్ స్టీల్ కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోలేదు కాబట్టి మంచి సరుకే అని తలూపేస్తాం. ఇందులో తిరకాసుంది. 304 అనే గ్రేడు స్టీలుకీ అంటదు, దానికన్నా చవకైన 202 గ్రేడుకీ అంటదు, ఎందుకంటే లోపల పరమాణువుల అమరిక రెండింటిలోనూ ఒకటే. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదు గనుక 202లో దాన్ని తగ్గించి మాంగనీసు కలుపుతారు. తుప్పుని అడ్డుకునేది క్రోమియం. గాలి తగలగానే కంటికి కనిపించనంత పల్చటి పొర కడుతుంది, గీత పడితే మళ్లీ తనే కట్టుకుంటుంది. ఆ పొరకి శత్రువు ఉప్పులో ఉండే క్లోరైడ్. దాని దెబ్బకి 202 ముందు లొంగిపోతుంది. హాల్లో మెట్లకైతే 202 చాలు, వానకి తడిసే బాల్కనీకీ బోరునీళ్లు చిందే చోటుకీ 304 తీసుకుని గ్రేడు బిల్లులో రాయించుకోండి. మాలిబ్డినం అనే లోహం కలిపిన 316 గ్రేడు టౌన్లో దండగ, అదే జిల్లాలోనే సముద్రం ఒడ్డున కట్టేవాళ్లకి పనికొస్తుంది.

అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతే, కానీ అదే సైజు పైపు మీద అదే బరువు పెడితే దాదాపు మూడు రెట్లు ఎక్కువ వంగుతుంది. కిటికీలకి సరే, వెయ్యి లీటర్ల ట్యాంకంటే టన్ను నీళ్లు, దానికింద వద్దు. శ్రీహరికోటలో ఎగిరే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశ తొడుగు కూడా లోపలి ఒత్తిడికి తట్టుకోవాలని మారేజింగ్ స్టీల్ అనే చాలా గట్టి ఉక్కుతోనే చేస్తారు.

స్టాండుకి జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, మంచిది. పైనున్న జింకు తను కరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది. అయితే జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, ఇనుము కరగాలంటే 1500 దాటాలి, అంటే వెల్డింగ్ పెట్టిన ప్రతిచోటా జింకు ఎగిరిపోయి ఇనుము బోసిగా మిగులుతుంది (ఆ పొగ పీలిస్తే జ్వరం కూడా వస్తుంది, కొంచెం దూరంగా నిలబడండి). చాలా షాపుల్లో ఆ నలుపు మీదే సిల్వర్ పెయింట్ కొట్టేసి పంపిస్తారు. అతుకుల్ని వైర్ బ్రష్‌తో రుద్దించి, జింక్ ప్రైమర్ వేయించి, ఆ తర్వాతే స్టాండు మేడెక్కించండి.