బీరువా తలుపు వెనక పలక

చిట్టితల్లికీ, చిన్నోడికీ,

మొన్న అటక మీద సామాన్లు దించుతుంటే దొరికిన నల్ల డబ్బా ఫోటో పంపి "తాతయ్యా ఇదేంటి, ముందర వరసగా ఎర్ర లైట్లున్నాయి, వైఫై డబ్బానా" అని అడిగారు కదా. కాదురా, అది మోడెమ్, కంప్యూటర్ని ఫోన్ లైన్‌కి కలిపే డబ్బా. దానికి వైఫై అంటే ఏంటో కూడా తెలీదు పాపం. దాంతో నేను బీబీఎస్ (బులెటిన్ బోర్డ్ సిస్టమ్, అంటే జనం ఫోన్ లైన్ మీద వచ్చి మెసేజ్‌లు చదివి, రాసి వెళ్ళే కంప్యూటర్) నడిపానని మీ నాన్న చెప్పాక చిట్టి ఇంకో ప్రశ్న వేసింది, అది నాకు భలే నచ్చింది. "ఒకటే ఫోన్ లైన్ ఉంటే ఒకసారికి ఒక్కళ్ళే వస్తారు, మరి అందరూ ఒకళ్ళతో ఒకళ్ళు ఎలా మాట్లాడుకునేవాళ్ళు?"

ఫోన్లో చెప్దామంటే నేను మొదలుపెట్టేసరికి మీ అమ్మ హోంవర్క్ అంటుంది, అందుకే ఉత్తరం రాస్తున్నా, ఇద్దరూ కలిసి చదవండి, చిన్నోడు మధ్యలో పారిపోకూడదు.

ముందు మా అన్నయ్య సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు వాడికి రాత్రి డ్యూటీ. నేను బడికి వెళ్ళాక ఇంటికొచ్చేవాడు, నేను ఆటలన్నీ అయ్యాక ఇల్లు చేరేలోపు మళ్ళీ వెళ్ళిపోయేవాడు. వారానికి ఆరు రోజులు ఒకే ఇంట్లో ఉండి కూడా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసేవాళ్ళం కాదు. బీరువా తలుపు లోపలి వైపు ఒక పలక వేలాడేది. ఒక పొద్దున దాని మీద "సైకిల్లో గాలి పోయింది" అని రాసి బడికెళ్ళా. సాయంత్రం చూస్తే కింద "పంపు అటక మీద ఉంది" అని వాడి రాత. "అందట్లేదు" అని రాశా. మర్నాడు సాయంత్రానికి "స్టూలు వేసుకో, మొద్దూ" అని ఉంది. ఈ నాలుగు ముక్కలకి రెండు రోజులు! అయినా అది మాట్లాడుకోవడమే కదా. ఇద్దరం ఒకే టైముకి అక్కడ ఉండక్కర్లేదు, పలక ఉంటే చాలు.

అదే బీబీఎస్, అంతే. మీరు ఫోన్ చేసేది ఇంకో మనిషికి కాదు, పలకకి. మీరు వచ్చి, మీకోసం ఉన్నవి చదువుకుని, మీరు చెప్పాల్సింది రాసి, ఫోన్ పెట్టేస్తారు. అప్పుడు లైన్ ఖాళీ అవుతుంది, ఇంకొకరు వస్తారు. బీరువా ముందు ఒకళ్ళు నిలబడితే రెండోవాళ్ళకి పలక కనపడదు చూడండి, అదే ఫోన్లో కుయ్ కుయ్ మని వచ్చే ఎంగేజ్ టోన్. అందుకే ఒక్కొక్కళ్ళకి రోజుకి ముప్ఫై నిమిషాలో, గంటో అని లెక్క పెట్టేవాళ్ళం, టైమైపోతే కంప్యూటరే లైన్ కట్ చేసేసేది, బతిమాలినా వినదు.

ఇది మొదట చేసింది షికాగోలో ఇద్దరు. 1978 జనవరిలో అక్కడ మంచు తుఫాను వచ్చి ఊరంతా కప్పేసింది, ఎవరూ గడప దాటలేదు. వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అని ఇద్దరు, కంప్యూటర్ క్లబ్బు స్నేహితులు. వాళ్ళ క్లబ్బులో గోడకి ఒక కార్క్ బోర్డు, దాని మీద చిన్న చిన్న అట్టముక్కలు గుచ్చేవాళ్ళు, మీటింగుకి వెళ్ళేటప్పుడు నన్ను కూడా ఎక్కించుకోండి లాంటివి. ఆ బోర్డుని కంప్యూటర్లో పెడితే ఇంట్లోంచే చదవొచ్చు కదా అనుకున్నారు. ప్రోగ్రామ్ వార్డ్ రాశాడు, సామాను రాండీ బిగించాడు, ఫిబ్రవరి 16న అది జనానికి అందుబాటులోకి వచ్చింది. అసలు రెండు వారాల్లోనే అయిపోయిందట, అంటే ఎవరూ నమ్మరని నెల పట్టిందని చెప్పుకున్నారట! క్లబ్బులో కమిటీ వేద్దామని కూర్చుంటే ఈపాటికి కూడా అయ్యేది కాదని నా నమ్మకం. దాని పేరు సీబీబీఎస్, అంటే కంప్యూటరైజ్డ్ బులెటిన్ బోర్డ్ సిస్టమ్. ఎవరైనా ఫోన్ చేస్తేనే ఆ కంప్యూటర్ నిద్ర లేచి ఫ్లాపీలోంచి ప్రోగ్రామ్ ఎక్కించుకునేది.

ఫోన్ తీగ మీద అక్షరాలు ఎలా వెళ్తాయని చిన్నోడు అడుగుతాడు, నాకు తెలుసు. ఈలలతో. షికాగో వాళ్ళు వాడిన రకం మోడెమ్‌లో కాల్ చేసినవాడికి రెండు ఈలలు, 1070 హెర్ట్జ్ అంటే సున్నా, 1270 అంటే ఒకటి. ఎత్తినవాడికి ఇంకో రెండు, కాస్త కీచుగా, 2025, 2225. ఇద్దరి ఈలలూ వేరు కాబట్టి ఇద్దరూ ఒకేసారి ఊదినా కలిసిపోవు. సెకనుకి 300 బిట్లు (అంటే ఆ సున్నాలూ, ఒకట్లే), ఒక అక్షరానికి ముందూ వెనకా గుర్తులతో కలిపి 10 బిట్లు, అంటే సెకనుకి 30 అక్షరాలు. వరసకి 80 అక్షరాల చొప్పున 24 వరసల స్క్రీన్ నిండాలంటే ఎంతసేపో మీరే లెక్కేయండి. నిమిషం దాటుతుంది! కూడబలుక్కుని చదివే పిల్లాడిలా అక్షరం అక్షరం వచ్చేది. మన డబ్బా సెకనుకి 2400 బిట్లది, మాకు ఎనిమిది సెకన్లలో స్క్రీన్ నిండిపోతుంటే అబ్బో ఎంత స్పీడో అనుకునేవాళ్ళం.

ఇంట్లో ఎవరైనా పక్క గదిలో రెండో ఫోన్ ఎత్తారా, అంతే, స్క్రీన్ నిండా పిచ్చి గీతలు, బ్రాకెట్లు. మీ నాయనమ్మ "హలో హలో" అన్నదంతా మాకు అక్షరాలై కనపడేది. ఆ గొడవ ఇప్పుడెందుకులే.

సరే, పలక దగ్గరికి. పలకంటూ ఉంటే దానికొక యజమాని ఉండాలి, బీబీఎస్‌లో అతన్ని సిసాప్ అంటారు. కొత్తవాళ్ళకి పేరు, పాస్‌వర్డ్ ఇవ్వడం, తిట్లు తీసెయ్యడం, నిండిపోతే పాతవి చెరపడం అతని పని. మెసేజ్‌కి నంబరు, ఎవరి నుంచి, ఎవరికి, దేని గురించి అని నాలుగూ ఉంటాయి, అందరూ చదివేవి వేరు, ఒక్కరికే రాసేవి వేరు. ఇక్కడ పలక పోలిక కొంచెం కుంటుతుంది, ఎందుకంటే పలక మీద మా అన్న రాసింది నేను చెరిపెయ్యొచ్చు (చెరిపాను కూడా), బీబీఎస్‌లో ఒకళ్ళది ఇంకొకళ్ళు చెరపలేరు. కానీ సిసాప్ అన్నీ చెరపగలడు, అన్నీ చదవగలడు కూడా. ఒక్కరికే రాసిన ఉత్తరాలు కూడా. చదవగలిగినా చదవకూడదు, అది వేరే చెప్పక్కర్లేదు మీకు.

నేనొకసారి చెరిపేశాను. కావాలని కాదు. పాత మెసేజ్‌లు సర్దే ప్రోగ్రామ్ ఉంటుంది, రాత్రి నిద్రమత్తులో దానికి తప్పు సంఖ్య ఇచ్చా, పొద్దున చూస్తే నాలుగు నెలల మాటలు లేవు. బ్యాకప్ తీద్దాం తీద్దాం అనుకుంటూనే తీయలేదు. ఏం చెయ్యాలో తోచక "అన్నీ పోయాయి, తప్పు నాదే" అని ఒక్క మెసేజ్ పెట్టా. అందరికీ టైము తక్కువ కదా, చాలామంది లైన్లో ఉన్నప్పుడు వచ్చిందంతా తమ డిస్క్‌లో దాచుకుని తర్వాత తీరిగ్గా చదివేవాళ్ళు. వాళ్ళల్లో ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి తమ దగ్గరున్న ముక్కలు వెనక్కి పంపడం మొదలుపెట్టారు. పది రోజుల్లో ముప్పాతిక పైగా తిరిగొచ్చాయి, కొన్ని రెండేసి సార్లు.

ఇంకో అద్భుతం చెప్పాలి. మీ పలక మీది మాట ఇంకో ఇంట్లో బీరువా పలక మీదికి వెళ్ళాలంటే? 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ జెన్నింగ్స్ అనే ఆయన ఫిడోనెట్ మొదలుపెట్టాడు. రాత్రి ఫోన్ చార్జీ తక్కువ, అందుకని రాత్రి ఒక గంట మనుషులెవరినీ రానివ్వకుండా బీబీఎస్‌లే ఒకదానికొకటి ఫోన్ చేసుకుని ఉత్తరాలు మార్చుకునేవి. అందరూ పడుకున్నాక పలకలు లేచి ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటున్నట్టు! ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, అక్కడి నుంచి ఇంకో చోటికి, అలా దాటుకుంటూ దాటుకుంటూ. 1990ల మధ్యకి ప్రపంచమంతా కలిపి ముప్ఫై వేలకు పైగా బీబీఎస్‌లు అందులో ఉండేవి. కంపెనీ ఏదీ లేదు, ఎవరి ఇంట్లో వాళ్ళ కంప్యూటరే. ఇది ఎలా నడిచిందో పూర్తిగా వివరించమంటే నావల్ల కాదు, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

ఇప్పుడు మీ పని. ఆ మోడెమ్ జోలికి పోకండి, ఇవాళ్టి ఫోన్ లైన్లతో దానికి పడదు. మీ నాన్న పాత కంప్యూటర్ అడగండి, లేదా రాస్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ అయినా చాలు, కాకపోతే ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. బీబీఎస్ నడిపే ప్రోగ్రామ్ సింక్రోనెట్ గానీ మిస్టిక్ గానీ ఎక్కించండి, రెండూ ఉచితమే. ఫోన్ బదులు టెల్నెట్‌లో, అంటే నెట్‌వర్క్ మీదుగా ఇంకో కంప్యూటర్లోకి వెళ్ళే పాత పద్ధతిలో వస్తారు, దాని పోర్ట్ (తలుపు నంబరు అనుకోండి) 23. కానీ టెల్నెట్‌లో పాస్‌వర్డ్ విప్పి చూపించినట్టే వెళ్తుంది, కాబట్టి ముందు ఇంటి నెట్‌వర్క్ దాటనివ్వకండి, తర్వాత బయటికి తెరవాలనుకుంటే అన్నీ ఎవరికీ అర్థం కాకుండా మార్చి పంపే ఎస్‌ఎస్‌హెచ్ పెట్టుకోండి, అదీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని. నోడ్‌లు ఎన్ని, అంటే ఒకేసారి ఎంతమంది రావచ్చు అని అడుగుతుంది, ఇప్పుడు పది పెట్టినా పెట్టొచ్చు, మీరు మాత్రం ఒకటే పెట్టండి. వంతు కోసం ఆగడం ఎలా ఉంటుందో తెలియాలిగా.

బోర్డులు, అంటే ఒక్కో విషయానికి ఒక్కో పలక, మూడు చాలు. ఇరవై తెరిస్తే పందొమ్మిది ఖాళీగా ఉంటాయి, ఖాళీ గది చూసి ఎవరూ కూర్చోరు. "అందరికీ స్వాగతం" అని రాయకండి, దానికి ఎవరు జవాబిస్తారు? ఏదైనా అడగండి. "సైకిల్లో గాలి పోయింది" లాంటిది. రాసేశాక అస్తమానం వెళ్ళి చూడకుండా ఒక పూట ఆగండి, అదే కష్టం. బ్యాకప్ ఆదివారం ఆదివారం తియ్యండి, చిట్టి తీస్తుంది, చిన్నోడు గుర్తుచేస్తాడు, ఆ సర్దే ప్రోగ్రామ్‌ని ఇద్దరూ పక్కపక్కన ఉంటే తప్ప ముట్టుకోవద్దు.

యూజర్ నంబర్ 1 సిసాప్‌ది, అది మీలో ఎవరో పోట్లాడుకోకుండా తేల్చుకోండి. 3 రెండోవాళ్ళకి. 2 మాత్రం నాకుంచండి, వేసవి సెలవులకి వచ్చినప్పుడు మీరు పడుకున్నాక లాగిన్ అయి జవాబు రాసి వెళ్తా.

మీ తాతయ్య