ముఖంపై తొలి ముడతలు: సూదితో పోయేవి, కోతతోనే పోయేవి

విశాఖపట్నంలో ప్లాస్టిక్ సర్జన్‌గా నేను చూసే నలభై ఏళ్ల వయసువారిలో చాలామంది కుర్చీలో కూర్చోకముందే "కోత మాత్రం వద్దండి డాక్టరు గారూ" అంటారు. ఆ భయం సహజమే గానీ, ముఖంలో మారినది చర్మమా, కండరమా, కొవ్వా అన్నది తేలకుండా చికిత్సను నిర్ణయించడం కుదరదు.

అపోహ: ముందు ఇంజెక్షన్లు చేయించుకోవాలి, అవి పనిచేయకపోతేనే ఆపరేషన్.

వాస్తవం: కనుబొమల మధ్య నిలువు గీతలు కండరం పదే పదే ముడుచుకోవడం వల్ల పడతాయి కనుక, ఆ కండరానికి నాడి నుంచి అందే సంకేతాన్ని ఆపే బొటాక్స్ అక్కడ సరైన మందు, ఏ శస్త్రచికిత్సా అంత సులువుగా ఆ పని చేయదు. పైరెప్ప మీద చర్మం సాగి వేలాడుతుంటే మాత్రం, అదనపు చర్మాన్ని కత్తిరించి తీసే చిన్న ఆపరేషనే తగిన మార్గం, దానిని సాధారణంగా ఆ భాగానికే మత్తు ఇచ్చి చేయవచ్చు. చిక్కు ఎక్కడంటే, రెప్పలు బరువెక్కినవారు తమకు తెలియకుండానే నుదుటి కండరంతో కనుబొమలను పైకెత్తి చూస్తుంటారు, దానివల్ల నుదుటి మీద అడ్డగీతలు పడతాయి. ఆ గీతలు పోవాలని నుదుటికి బొటాక్స్ వేస్తే కనుబొమలు కిందికి దిగి, కళ్లు మరింత మూసుకున్నట్టు కనిపిస్తాయి. అందుకే నేను నుదుటిని వేలితో కదలకుండా పట్టి, అప్పుడు కళ్లు తెరవమంటాను, నుదుటి సాయం లేకుండా రెప్పలు ఎంత తెరుచుకుంటాయో తెలుస్తుంది.

అపోహ: బొటాక్స్ మానేస్తే ముడతలు రెట్టింపవుతాయి.

వాస్తవం: మందు ప్రభావం మూడు, నాలుగు నెలల్లో తగ్గి, ముఖం పూర్వస్థితికి వస్తుంది, అంతే.

అపోహ: కోత లేదు కాబట్టి ఫిల్లర్లతో (గుంటలు, గీతలు నిండేలా చర్మం కింద సూదితో వేసే జెల్‌తో) ప్రమాదం లేదు.

వాస్తవం: ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళితే ఆ చోట చర్మం చనిపోవచ్చు, అరుదుగా చూపు కూడా పోవచ్చు. హయలురోనిక్ ఆమ్లంతో చేసిన ఫిల్లర్‌ను కరిగించే హయలురోనిడేజ్ మందు అందుబాటులో ఉందా అని, సూది పట్టుకున్నవారు ముఖంలోని రక్తనాళాల అమరిక చదివిన వైద్యులేనా అని అడగడానికి మొహమాటపడకండి. బ్యూటీ పార్లర్లో ఫిల్లర్ వేయించుకోవడాన్ని నేను సమర్థించలేను.

అపోహ: లేజర్ ఎంత గట్టిగా చేస్తే ఫలితం అంత బాగుంటుంది.

వాస్తవం: మన చామనఛాయ చర్మం వేడికి, గాటుకి నల్లమచ్చతో స్పందిస్తుంది. లేజర్ గానీ పీలింగ్ (రసాయనంతో చర్మం పైపొరను ఊడదీయడం) గానీ చేయించుకున్న కొద్ది రోజులకే బీచ్ రోడ్డులో మధ్యాహ్నపు ఎండకు తిరిగితే, పోవాల్సిన గీత కంటే వచ్చిన మచ్చే ఎక్కువ కాలం ఉంటుంది. మబ్బు పట్టినా అతినీలలోహిత కిరణాలు చాలావరకు చర్మానికి చేరతాయి కనుక, స్కూటరు మీద తిరిగేవారు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను ఏ చికిత్సకైనా ముందే అలవాటు చేసుకోవాలి.

అపోహ: ఫేస్‌లిఫ్ట్ చేయించుకుంటే చర్మం కొత్తదవుతుంది.

వాస్తవం: అది జారిన చెంపలను, మెడను పైకి లాగి కడుతుంది, ఎండకు పడిన సన్నని గీతలు, మచ్చలు అలాగే ఉంటాయి. పడుకుని అద్దం పైకి పట్టుకుని చూసుకుంటే, బుగ్గల కింది మడత చాలావరకు మాయమైతే అది జారుడు. మాయం కాకపోతే ఫేస్‌లిఫ్ట్ వల్ల మీకు ఒరిగేది తక్కువ. తొలిదశలో ఉన్నవారిలో చాలామందికి నేను దీనిని సూచించను. పొగతాగేవారికి ఈ ఆపరేషన్‌లో చర్మం అంచులు కుళ్లే ముప్పు ఎక్కువ, కాబట్టి కనీసం నాలుగు వారాల ముందే మానేయాలి.

ఇంట్లో పెళ్లి పెట్టుకుని వచ్చేవారికి ఒక మాట: బొటాక్స్ పూర్తి ఫలితానికి సుమారు రెండు వారాలు, రెప్పల ఆపరేషన్ తర్వాత వాపు, కమిలిన మచ్చలు తగ్గడానికి రెండు, మూడు వారాలు పడుతుంది, కనుక ముహూర్తానికి నాలుగు రోజుల ముందు వస్తే నేను చేయగలిగేది ఏమీ ఉండదు.